గుడ్ల మీది గుర్తు

పెట్టను పొదుగుకి కూర్చోబెట్టేటప్పుడు ఒక్కో గుడ్డు మీదా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు గీసి మరీ పెట్టాలి. లేకపోతే తక్కిన పెట్టలు, వాటికి సిగ్గా శరమా, అదే గూట్లో దూరి కొత్త గుడ్లు పెట్టిపోతాయి. ఏది పొదిగేదో, ఏది పెనం మీదికి వెళ్ళేదో తెలియక ఇంటి ఆడది తల పట్టుకోవాలి. డోరీన్ కాపురానికి వచ్చిన నాటి నుంచీ, అంటే నలభై ఏళ్ళ పైమాటే, టక్‌వెల్ వాళ్ళ కోళ్ళ గూట్లో ఆ గుర్తు గీస్తూనే ఉంది. ఆమె ఇంటూకి ఒక వంకర ఉంది. రెండో గీత కిందికి దిగాక చెయ్యి ఆగదు, చివర కొక్కెంలా పైకి తిరుగుతుంది. చిన్నప్పుడు బళ్ళో టీచరమ్మ వేళ్ళ మీద కొట్టినా పోలేదు ఆ కొక్కెం.

ఆ మార్చి నెల పొద్దున, చేతులు కొంకర్లు పోయే చలిగాలిలో గూటి ముందు చతికిలబడి, ఆమె కొక్కెం లేని ఇంటూ నేర్చుకుంటోంది. అరవై ఏడేళ్ళ మనిషి, పలక మీద దిద్దుకునే పిల్లలాగా. ఒకటి గీసింది, కొక్కెం వచ్చింది. వేలు తడిచేసి చెరిపింది. ఇంకోటి గీసింది. ఎడమ చేత్తో గీసింది. అది ఇంటూలా లేదు, విరిగిన నిచ్చెనలా ఉంది. అంతలో వెనక బూటు చప్పుడులా వినబడితే పెన్సిల్ కోటు జేబులోకి తోసేసింది. చూస్తే గొర్రెపిల్ల. తల్లి చచ్చిపోయిన పిల్ల, సీసా పాల కోసం ఆమె వెనకాలే తిరిగే పిల్ల. దాన్ని చూసి కూడా భయపడ్డానే అనుకుంది.

ఆ గురువారం ఉపఎన్నిక. పాత పార్లమెంటు మెంబరు మధ్యలోనే రాజీనామా చేసి పోయాడు. ఎందుకు పోయాడో మార్ల్‌కోట్ ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవారు. డోరీన్ మొగుడు హంఫ్రీ ఆ చుట్టుపక్కల పార్టీకి ముప్ఫై ఏళ్ళుగా పెద్ద. ఎన్నికలొచ్చాయంటే వాళ్ళింటి భోజనాల గదే ఆఫీసు. బల్ల నిండా కరపత్రాలు, కుర్చీల నిండా టౌను నుంచి వచ్చిన కుర్రకారు, గుమ్మం నిండా బురద బూట్లు. కవర్లలో కాగితాలు కూరేది డోరీన్. పొలం గట్ల మీద పార్టీ బోర్డులు పాతేటప్పుడు గుంజ పట్టుకు నిలబడేది డోరీన్. పూటకి అంతమందికి సూపు కాచి, కేకులు కోసి, వాళ్ళ కప్పులు కడిగి, ఆ మధ్యలో కొట్టంలోకి పరిగెత్తి ఈనలేక తన్నుకుంటున్న గొర్రె కడుపులోకి చెయ్యి పెట్టి పిల్లను తిప్పి లాగేదీ డోరీనే. హంఫ్రీ మాత్రం సభల్లో, "మా ఇంటి తలుపులు పార్టీకి ఎప్పుడూ తెరిచే ఉంటాయి" అనేవాడు. చప్పట్లు కొట్టేవారు. ఆ తలుపుల వెనక నేల తుడిచే మనిషి ఎవరని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏమయ్యేదో అని ఆమే భయపడేది, అది వేరే సంగతి.

అత్తగారు పోయి పన్నెండేళ్ళయింది కానీ ఆవిడ మాటలు ఇంకా ఆ వంటింట్లోనే ఉన్నాయి. కొత్త కోడలుగా మొదటిసారి ఓటుకి బయల్దేరుతుంటే ఆవిడ చేతి తొడుగులు వేసుకుంటూ అన్నది, "చూడమ్మాయ్, టక్‌వెల్ కోడలి ఓటు టక్‌వెల్ గేటు దాటి పోదు. మా అత్తది పోలేదు, నాది పోలేదు." డోరీన్‌ది మాత్రం ఎందుకు పోతుంది? ప్రతిసారీ మొగుడి పక్కన నడిచి వెళ్ళి, అతను చెప్పిన పేరు పక్కన కొక్కెం తోక ఇంటూ గీసి, మళ్ళీ అతని పక్కనే నడిచి వచ్చేది.

గుట్టు ఓటు అంటారు కదా, ఎవరికి తెలుస్తుందిలే అని మీరనుకోవచ్చు. డోరీన్ అలా అనుకోలేకపోవడానికి కారణముంది. రాత్రి టౌను హాల్లో లెక్కింపు మొదలయ్యేటప్పుడు, ఏ ఊరి పెట్టె ఆ ఊరిదిగా తెరిచి, బల్ల మీద కాగితాలు పరిచి, ఎన్ని పడ్డాయో సరిచూస్తారు. అన్ని పార్టీల వాళ్ళూ బల్లకి ఇవతల నిలబడి మెడలు సాచి చూస్తుంటారు. చెయ్యి తగలకూడదు గానీ చూడొచ్చు. మార్ల్‌కోట్ చిన్న ఊరు, నూటయాభై ఓట్లు కూడా పడవు. ఆ పెట్టె దగ్గర ముప్ఫై ఏళ్ళుగా హంఫ్రీయే నిలబడతాడు. తెల్లవారి ఇంటికొచ్చి, గుడ్లూ బేకనూ తింటూ, ఎవరి ఓటు ఎటు పడిందో వరసపెట్టి చెప్పేవాడు. ఫాదరుగారిది మనదే. బడి మేడమ్‌ది అవతలికి. చెరువుగట్టు ముసలాయనది మనదే, చెయ్యి వణికింది పాపం.

"అంత దూరం నుంచి ఎవరిది ఏదో ఎలా తెలుస్తుంది?" అని ఒకసారి అడిగింది.

"ఒక్కో చెయ్యికి ఒక్కో తీరు. నీ గుడ్ల మీది కొక్కెం నేను ఎక్కడున్నా పోల్చుకోనూ? నాకు తెలియకుండా ఈ ఊళ్ళో కోడి గుడ్డు పెట్టదు డోరీన్," అని నవ్వాడు. హంఫ్రీ గట్టిగా అరిచే మనిషి కాదు. అతనికి కోపం వచ్చిందని తెలిసేది ఆ నవ్వు వల్లనే. చెయ్యి చేసుకున్నది కాపురం మొత్తంలో రెండుసార్లే. మిగతా నలభై ఏళ్ళూ ఆ మూడోసారి ఎప్పుడా అనుకుంటూనే గడిచిపోయాయి.

బెరిల్ సంగతి చెప్పాలి. ఆమె విధవరాలు, టక్‌వెల్ వాళ్ళ అద్దె ఇంట్లో, సందు మలుపులో ఉండేది. డోరీన్‌తో కలిసి కూర్చుని టీ తాగే మనిషి ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే. కిందటి ఎన్నికల మర్నాడు హంఫ్రీ బేకన్ కోసుకుంటూ, "బెరిల్ ఓటు అవతలికి పడింది. కళ్ళారా చూశాను," అన్నాడు. కోతలు అయ్యేసరికి ఆ ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు, పాలేరు కుటుంబానికి కావాలని. సామాను బండి కదిలే రోజు డోరీన్ డజను గుడ్లు పట్టుకుని పరిగెత్తింది. బెరిల్ అద్దం దించలేదు. ముందుకే చూస్తూ వెళ్ళిపోయింది, సముద్రం ఒడ్డున అక్క ఉండే ఊరికి. ఆ రోజు నుంచీ డోరీన్ ఊళ్ళో ఎక్కడికెళ్ళినా ఆడవాళ్ళు మాట ఆపేసేవారు. పోస్టాఫీసు వరసలో ఆపేసేవారు, చర్చి పూలు సర్దేచోట ఆపేసేవారు. నాలో ఏదో తక్కువ చూస్తున్నారు కాబోలు అనుకునేది ఆమె. తన కోటు మీద వాసన వస్తోందేమో, గొర్రెల వాసన, అని రెండుసార్లు ఉతుక్కుంది కూడా.

మరి ఇన్ని తెలిసీ ఈసారి అవతలికి వెయ్యాలని బుద్ధి ఎందుకు పుట్టింది అంటే, అవతల నిలబడింది జిలియన్ పార్. నర్సు. రెండో దెబ్బ తగిలినప్పుడు డోరీన్ మణికట్టుకి కట్టు కట్టింది ఆమే. "గాలికి గేటు కొట్టుకుంది," అన్నాడు హంఫ్రీ, తలుపు దగ్గరే నిలబడి. నర్సు అతని వైపు తిరగలేదు. "గేటేనా డోరీన్?" అంది. "గేటే," అంది డోరీన్. ఆ పిల్ల ఇంకేమీ అడగకుండా, కట్టిన కట్టు విప్పి మళ్ళీ నెమ్మదిగా, మొదటి నుంచీ కట్టింది. ఎందుకో తెలుసా? ఇంకాస్సేపు ఆ చెయ్యి పట్టుకుని ఉండటానికి. అంతే జరిగింది. మనిషికి కొన్నిసార్లు అంతే చాలు.

దానికి తోడు బస్సు. మంగళవారం, శుక్రవారం టౌనుకి పోయే బస్సు ఉంచాలని నర్సు, ఖాళీ బస్సులు దండగని హంఫ్రీ మనిషి. కారు తాళాలు డోరీన్‌కి ఇవ్వడం హంఫ్రీ ఎప్పుడో మానేశాడు, "నువ్వు నడిపితే గోడలు బతకవు" అని. అరవై ఆరు నిండాక పెద్దవాళ్ళకిచ్చే ఉచిత బస్ పాస్ వస్తే, దాని మీద ఆమె ఫొటో చూసి, "పొలాలున్న ఆసామి పెళ్ళాం బస్సులో ఊరేగుతుందట," అని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి చూపించి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, దాన్ని పిండి డబ్బా వెనక పెట్టుకుంది. ఇంట్లో ఆమె పేరు, ఆమె మొహం ఉన్న వస్తువు, అతని సొరుగులో లేనిది అదొక్కటే.

ఇంటింటి ప్రచారానికి కూడా ఆమెను వెంట తీసుకెళ్ళేవాడు. పక్కన పెళ్ళాం ఉంటే పెద్దరికం కదా. కోటుకి పార్టీ రిబ్బను పువ్వు తనే గుచ్చేవాడు. మార్ల్‌కోట్‌లో తలుపు తీసేది మగవాళ్ళు. "మా ఇంట్లో మూడు ఓట్లూ మీవే హంఫ్రీ, ఇంకా అడగాలా?" అనేవాళ్ళు. మూడూ మనవే అని రాసుకునేది డోరీన్. వెనక నడవాలో ఆ ఇంటావిడ, చేతిలో గిన్నె తుడిచే గుడ్డతో, నోరెత్తకుండా నిలబడి ఉండేది. ఆమె కళ్ళు మొగుడి మీద కాదు, హంఫ్రీ మీద కాదు, సూటిగా డోరీన్ మీద ఉండేవి. డోరీన్ తల దించుకునేది.

రోజంతా ఎలా గడిచినా రాత్రి భోజనం దగ్గర మాత్రం హంఫ్రీ మెత్తబడేవాడు. కంచం పక్కకి జరిపి, "ఊ, చెప్పు. ఊళ్ళో ఏమిటి కబుర్లు? ఎవరేమన్నారు?" అనేవాడు. ఆ కాస్సేపూ ఆమె మాట మధ్యలో తుంచేవాడు కాదు. పొద్దుటి నుంచీ మూసుకున్న నోరు కదా, చెప్పేది. ఎవరింట్లో ఎవరికి జలుబు, ఎవరు ఎవరిని మెచ్చుకున్నారు, అన్నీ. రోజులో మొగుడు తన మాట వినేది ఆ ఒక్క పూట. దాని కోసం ఆమె కబుర్లు ఏరుకొచ్చేది, కోడి గింజలు ఏరుకున్నట్టు.

గురువారం పొద్దున్నే, ఎప్పటిలాగే ఊళ్ళో మొదటి ఓటు వాళ్ళదే. ఊరి హాల్లో పాత కార్పెట్ వాసన, హీటర్ వాసన. గుర్తింపు కార్డు చూపించమన్నారు. హంఫ్రీ జేబులోంచి ఇద్దరి పాస్‌పోర్టులూ తీశాడు. ఆమె అప్పటికే బస్ పాస్ తీసి బల్ల మీద పెట్టేసింది. బల్ల వెనక కూర్చున్నది హంఫ్రీ పినతల్లి కూతురు పామెలా. పాస్ చూసి, "ఇది చెల్లుతుందిలే వదినా," అంది. హంఫ్రీ నవ్వాడు. ఆ నవ్వు వైపు చూడకుండా డోరీన్ ఓటు కాగితం అందుకుంది.

చెక్క గూట్లో దారం కట్టిన పెన్సిల్. కాగితం మీద ఎనిమిది పేర్లు. జిలియన్ పార్ పేరు కింది నుంచి మూడోది. పక్క గూట్లో హంఫ్రీ గొంతు సవరించుకుంటున్నాడు. చెక్కకి అటువైపు అతని ఊపిరి వినబడుతోంది. డోరీన్ వారం రోజులు నేర్చుకున్న ఇంటూని మనసులో గీసుకుంది. నిటారుగా, తోక లేకుండా, ఎవరిదీ కాని ఇంటూ. మొదటి గీత బాగానే వచ్చింది. రెండోది దిగుతుండగా, "ఏమిటంత ఆలస్యం డోరీన్, గియ్యాల్సింది ఒక్క గుర్తేగా," అన్నాడు హంఫ్రీ, హాలంతా నవ్వేట్టు. చెయ్యి ఉలిక్కిపడింది. చివర కొక్కెం తిరిగింది.

ఎంత చక్కగా తిరిగిందంటే, గుడ్డు మీద కూడా అంత చక్కగా ఎప్పుడూ రాలేదు.

కాగితం పాడైతే ఇంకోటి ఇస్తారు. కానీ పాడైనదాన్ని పామెలా బల్ల మీద పెట్టి చూపించాలి. వేలితో చెరిపితే మరక. కొక్కెం మీద ఇంకో గీత గీస్తే ఓటే చెల్లదు. చెల్లకపోతే ఏం పోయింది, అదే మంచిది కదా అని ఒక్క క్షణం అనిపించింది. పెన్సిల్ కాగితం దాకా వెళ్ళింది. అప్పుడు మణికట్టు మీద, కట్టు కట్టిన చోట, ఆ పిల్ల వేళ్ళు గుర్తొచ్చాయి. డోరీన్ కాగితం నాలుగు మడతలు పెట్టి, పెట్టెలో వేసింది. అది లోపల పడ్డ చప్పుడు, బావిలో రాయి పడినట్టు, ఆమెకి చాలాసేపు వినబడుతూనే ఉంది.

ఆ రోజంతా ఎలా గడిచిందని అడక్కండి. సూపులో ఉప్పు రెండుసార్లు వేసింది. హాలు గుమ్మంలో పార్టీ కుర్చీ వేసుకుని ఓటర్ల నంబర్లు అడిగి రాసే కుర్రవాళ్ళు చీటీలు తెస్తుంటే, వేసినవాళ్ళ పేర్లు కొట్టేస్తూ కూర్చుంది. సాయంత్రం హంఫ్రీ మంచి కోటు వేసుకుని, అద్దంలో చూసుకుంటూ, "మన పెట్టెలో ఎదురు ఓట్లు ఏడు దాటవు. ఆ ఏడూ ఎవరివో నాకు తెలుసు," అని లెక్కింపుకి వెళ్ళాడు. కారు వెలుగు సందు మలుపులో, బెరిల్ ఉన్న ఇంటి గోడ మీద ఒకసారి పడి పోయింది. ఎనిమిదోది తనది. కొక్కెంతో సహా. అతను చూస్తాడు. ఇంటికొస్తాడు. మూడోసారి వస్తుంది. కుర్చీలో కూర్చుని, గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని, ఆ కొట్టుకునే గుండె తనదో దానిదో తెలియకుండా తెల్లార్చింది.

తెల్లారాక కారు వచ్చింది. ఆమె లేచి పెనం పెట్టింది. నలభై ఏళ్ళ అలవాటు, ప్రాణం పోతున్నా చెయ్యి పెనం పెడుతుంది.

హంఫ్రీ టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు. మొహం పిండిలా ఉంది. నవ్వు లేదు. కోపంలో అతను నవ్వకపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"గెలిచాం. బొటాబొటిగా గెలిచాం," అన్నాడు. "కానీ మన పెట్టె... డెబ్భై పైన ఆ నర్సుకే. మన ఊళ్ళో. పార్టీవాళ్ళు నా మొహం చూసి, టక్‌వెల్, మీ ఊరి పెట్టె కంచుకోట అన్నావే, అంటున్నారు. ప్రతి ఇంటి మగాడూ నాకు మాటిచ్చాడు డోరీన్. ప్రతి ఒక్కడూ."

పెనం మీద గుడ్డు చిటపటలాడుతోంది. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే మొహం చెప్పేస్తుంది.

"నీదొక్కటే," అన్నాడు అతను. గొంతు మెత్తబడింది. "నీ కొక్కెం చూశాను. మనవాడి పేరు పక్కనే. నా కళ్ళతో చూశాను. నువ్వొక్కదానివే నన్ను మోసం చెయ్యలేదు."

డోరీన్ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గుడ్డు అంచు నల్లబడుతోంది. తియ్యలేదు.

చూడలేదు. ఇతను ఏమీ చూడలేదు. నిన్న చూడలేదు, ముప్ఫై ఏళ్ళలో ఏనాడూ చూడలేదు. కొక్కెం లేదు, చెయ్యి వణికిన ముసలాయన లేడు, ఒక్కో చెయ్యికి ఒక్కో తీరూ లేదు. మరి బెరిల్? బెరిల్ ఓటు ఎటు పడిందో ఇతనికి ఎలా తెలిసింది?

అది ఒక్కసారిగా తెలియలేదు ఆమెకి. ముందు కిందటి ఎన్నికల నాటి ఒక రాత్రి కంచంలో ఏముందో గుర్తొచ్చింది, ఉల్లికాడలు కూరి కాల్చిన రొట్టె. తర్వాత అతను కంచం జరపడం గుర్తొచ్చింది. "ఊ, చెప్పు. బెరిల్ ఏమంటోంది?" అనడం. తన గొంతు, సంబరంగా, వినే మనిషి దొరికాడని: "బెరిల్‌కి మన మనిషి నచ్చలేదట, ఈసారి అవతలివాళ్ళకే అంటోంది, భలే మనిషి." అతనికి ఊరి గురించి తెలిసినదంతా ఆ కంచాల దగ్గరే తెలిసింది. తన నోటి నుంచే తెలిసింది. లెక్కింపు బల్ల దగ్గర చూసే కళ్ళు అతనివి కావు, తనవి.

నడవాల్లో గుడ్డ పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ చూపులు అప్పుడు తిరిగొచ్చాయి, ఒక్కొక్కటే. వాళ్ళు తన కోటు వాసన చూడలేదు. తనని తక్కువ చెయ్యలేదు. తనని చూసి భయపడ్డారు.

"కూర్చో," అంటున్నాడు హంఫ్రీ. కుర్చీ ఆమె కోసం లాగాడు, కాపురంలో మొదటిసారి. "టీ తాగుతూ నెమ్మదిగా చెప్పు. నీతో అందరూ మాట్లాడతారు. ఎవరెవరు ఏమన్నారు ఈ నెలలో? చర్చి పూల దగ్గర ఆ నోరా ఏమంది? పోస్టాఫీసులో ఏమంటున్నారు?"

"నాకు తెలీదు," అంది డోరీన్.

"ఆలోచించు."

"తెలీదు హంఫ్రీ." పెనం దించింది. మాడిన గుడ్డు అతని ముందు పెట్టింది. "గుడ్లు ఇచ్చి రావాలి."

పిండి డబ్బా వెనక చెయ్యి పెట్టి బస్ పాస్ తీసుకుంది. గుడ్ల బుట్టలో, గుడ్ల కింద, రాత్రి గౌను, బీపీ మాత్రలు, చెప్పులు పెట్టుకుంది. కొట్టం దగ్గర పనివాడికి గొర్రెపిల్ల పాల సీసా అప్పగించింది. గేటు దాటేదాకా వెనక నుంచి పిలుపు వస్తుందని వీపు బిగబట్టుకునే నడిచింది. రాలేదు. టక్‌వెల్ పెరడు దాటి రోడ్డెక్కాక కూడా వీపు సడలలేదు. ఇప్పట్లో సడలదేమో.

శుక్రవారం బస్సు కోసం స్టాపులో ముగ్గురు ఆడవాళ్ళు బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో నోరా, నడవాలో గుడ్డ పట్టుకుని చూసినవాళ్ళలో ఒకావిడ, ఒళ్ళో పెద్ద సంచీ. ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు, రాత్రంతా దాచుకున్న నవ్వు. డోరీన్ కోటు మీద ఇంకా ఆ రిబ్బను పువ్వు ఉంది, తియ్యడం మరిచిపోయింది. దాన్ని చూడగానే మాట ఆగిపోయింది. నోరా సంచీని దగ్గరగా లాక్కుంది.

డోరీన్ వాళ్ళ ముందు నిలబడింది. ఇందులో ఒక్కరు సాయంత్రానికి ఎవరి చెవిలోనైనా ఊదితే చాలు, మాట హంఫ్రీ దాకా పోతుంది. ఇన్నేళ్ళూ వాళ్ళందరి మాటలూ తన నోట్లో ఉండేవి. వాళ్ళు ఎలా నిద్రపోయారో ఆమెకి ఇప్పుడు తెలుస్తోంది.

"నేను బెరిల్ దగ్గరికి వెళ్తున్నాను," అంది. "ఆమె సంగతి మా ఆయనకి చెప్పింది నేనే. ఆ మాట ఆమెతోనే అనాలి." ఊపిరి తీసుకుంది. "నిన్న నేను నర్సుకి వేశాను. ఇది మీ ముగ్గురికే తెలుసు."

దూరంగా బస్సు గేరు మారిన చప్పుడు వినబడింది. నోరా ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది, పొదిగే గుడ్డుని వెలుతురుకి పెట్టి చూసినట్టు. చూసి, ఒళ్ళో సంచీ తీసి కింద పెట్టి, పక్కకి జరిగింది.